మారుతి 800 కంప్రెషన్ పరీక్ష: ఇంటి పోర్టికోలో ఐదు వారాల డైరీ

మే 3, శనివారం

నాన్నగారు 1998లో కొన్న కార్బురేటర్ మారుతి 800 కొన్ని నెలలుగా నీరసించింది. నిలబడి ఉన్నప్పుడు వణుకుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో కూడా లాగడం లేదు, పెట్రోలు మాత్రం ముందుకన్నా ఎక్కువ తాగుతోంది. ఈ ఉదయం మా ఊళ్లో ఎప్పటినుంచో చూసే మెకానిక్ గారికి చూపిస్తే, సైలెన్సర్ దగ్గర రెండు నిమిషాలు నిలబడి శబ్దం విని, "బోరు అయిపోయిందండి, ఇంజిన్ దింపాల్సిందే, పిస్టన్లూ రింగులూ అన్నీ మార్చాలి" అన్నారు. బోరు అంటే పిస్టన్ నడిచే సిలిండరు లోపలి గోడ, రింగులు ఆ గోడకూ పిస్టన్‌కూ మధ్య గాలి జారకుండా ఆపేవి. ఖర్చు ముప్ఫై వేలకు పైమాటే. ఆయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ జ్వరం ఎంతుందో థర్మామీటరు పెట్టి చూడకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోలేనట్టే, లోపల ఒత్తిడి ఎంత నిలుస్తోందో కొలవకుండా ఇంజిన్ దింపించడానికి మనసు ఒప్పలేదు.

ఈ బండిలో ఉన్నది 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజిన్. ఒక్కో సిలిండరు వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 72 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు పైనున్న గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోందన్నదే కంప్రెషన్. అది తగ్గిందంటే గాలి మూడు దారుల్లో ఏదో ఒకదాని గుండా పోతోందని అర్థం: రింగుల పక్కనుంచి కిందికి, వాల్వుల సందులోంచి బయటికి, లేదా హెడ్ ప్యాకింగ్ (సిలిండర్లకూ వాటి పైమూత అయిన హెడ్‌కూ మధ్య ఉండే పొర) దగ్గర పక్క సిలిండరులోకో ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లలోకో. ఈ మూడింటిలో మొదటిదానికే బోరు పని కావాలి. ఏ దారో తెలుసుకోవడానికి స్పార్క్ ప్లగ్గు రంధ్రంలో మీటరు బిగించి సెల్ఫ్ తిప్పితే చాలు.

తమ్ముడికి తెలిసిన ఒక గ్యారేజీ నుంచి కంప్రెషన్ గేజ్ అరువు దొరికింది. 300 పీఎస్ఐ (టైర్ల గాలికి వాడే ఒత్తిడి కొలతే) వరకు చూపే, పెట్రోలు ఇంజిన్లకు వాడే గేజ్ అది, గొట్టం చివర 14 మిల్లీమీటర్ల మర ఉంది. రబ్బరు మూతిని చేత్తో రంధ్రానికి అదిమి పట్టుకునే రకాలూ ఉంటాయి గానీ, ఇంజిన్ తిరుగుతుండగా చెయ్యి దాని మీద ఉండాల్సిన పనిలేని మర రకమే ఇంట్లో పనికి మంచిదని నా అభిప్రాయం. ఒక్క విషయం ఇక్కడే రాసిపెడుతున్నాను: ఈ గేజ్‌ను డీజిల్ బండికి ఎప్పుడూ పెట్టకూడదు. డీజిల్ ఇంజిన్లలో ఒత్తిడి 400 పీఎస్ఐ కూడా దాటుతుంది కాబట్టి గేజో గొట్టమో పగిలి ముఖం మీదికి వస్తుంది.

మే 10, శనివారం

ఈ రోజు మొదటి పరీక్ష. అసలు పనికి పట్టింది అరగంట, దానికి ముందు జాగ్రత్తలకు పట్టింది గంటన్నర. ఇకముందు ఎన్నిసార్లు చేసినా ఈ లెక్క మార్చను.

మా బండికి ఎల్‌పీజీ కిట్ కూడా ఉంది. అందుకని ముందుగా డిక్కీలోని గ్యాస్ సిలిండరు వాల్వు కట్టేసి, పైపులో మిగిలిన గ్యాస్ అయిపోయేదాకా ఇంజిన్‌ను నడిపి, ఆ తరవాత పెట్రోలుకు మార్చి వేడెక్కించాను. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకే తలుపులు మూసిన షెడ్డులో కాకుండా మూడు వైపులా తెరిచి ఉన్న పోర్టికోలో పెట్టాము. పోర్టికో పక్కనే వంటింటి కిటికీ ఉంది కాబట్టి అమ్మ పని అయ్యేవరకు పొయ్యి వెలిగించలేదు. పొడి పౌడరు అగ్నిమాపక సిలిండరు ఒకటి, ఇసుక బకెట్ ఒకటి చేతికందే దూరంలో పెట్టుకున్నాను. చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో ఉందని స్టిక్‌ను అటూ ఇటూ ఊపి మరీ చూశాను. తమ్ముడు లుంగీతో వస్తే ప్యాంటు వేసుకొని రమ్మని వెనక్కి పంపాను. తిరిగే ఫ్యాన్‌బెల్టు దగ్గర వేలాడే గుడ్డ ఏదీ ఉండకూడదు.

కంప్రెషన్‌ను వేడి ఇంజిన్ మీద చూడాలని అంటారు. కానీ ఈ ఇంజిన్ హెడ్ అల్యూమినియంది కాబట్టి, బాగా వేడి మీద ఉక్కు ప్లగ్గును విప్పితే దానితోపాటు మరలు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. అందుకని ఆపిన తరవాత ఇరవై నిమిషాలు ఆగి, ఇంజిన్ పైన వాల్వులను మూసి ఉంచే టాపెట్ కవరు మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగాకే పానా పెట్టాను. అంతకుముందే సైకిల్ పంపుతో ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్మును ఊదేశాను, లేదంటే ఆ ఇసుకంతా తిన్నగా సిలిండరులో పడుతుంది. వైర్లకు 1, 2, 3 అని టేపు అంటించాను. మొదటి రెండు ప్లగ్గులూ లేత గోధుమరంగులో పొడిగా ఉన్నాయి. మూడోది నల్లటి మసితో, కాస్త తడిగా ఉంది.

స్పార్క్‌ను ఆపడం అన్నిటికన్నా ముఖ్యం. ప్లగ్గులు తీసేసిన రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది. పక్కనే వైరు చివర నిప్పురవ్వ ఎగిరితే అంటుకుంటుంది. పైగా దారి లేని హై వోల్టేజీ, దాన్ని పుట్టించే కాయిల్‌నూ పాడుచేస్తుంది. అందుచేత కాయిల్‌కు కరెంటు ఇచ్చే సన్న వైరునే పీకి, దాని చివర ఇన్సులేషన్ టేపు చుట్టి పక్కకు కట్టేశాను. పెట్రోలు గొట్టాన్ని మాత్రం తియ్యలేదు. ఈ ఇంజిన్ పంపు ఇంజిన్‌తోపాటే నడిచే మెకానికల్ పంపు, గొట్టం విప్పితే సెల్ఫ్ తిప్పిన ప్రతిసారీ పెట్రోలును బయటికి కక్కుతుంది.

కార్బురేటర్ నోరు పూర్తిగా తెరిచి ఉంచకపోతే సిలిండరులోకి నిండా గాలి చేరదు, కొలత తప్పుతుంది. సాధారణంగా లోపల కూర్చున్నవారిని యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి పట్టుకోమంటారు. అయితే తొక్కిన ప్రతిసారీ కార్బురేటర్‌లోని చిన్న పంపు పెట్రోలును చిమ్ముతుంది, అది సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. కాబట్టి సెల్ఫ్ కొట్టకముందే ఒకే ఒక్కసారి, చాలా నెమ్మదిగా తొక్కి, అన్ని కొలతలూ అయ్యేదాకా వదలవద్దని తమ్ముడికి చెప్పాను.

"అన్నయ్యా, తిప్పమంటావా?"

"నేను చెయ్యి పైకెత్తితే తిప్పు, దించితే ఆపు. మాట వినబడలేదని ఊహించి మాత్రం తిప్పకు."

మూడు ప్లగ్గులూ తీసేసి ఉన్నాయి కాబట్టి ఇంజిన్ చులాగ్గా తిరిగింది. ముల్లు ఇక పెరగదనేదాకా, అంటే ఒక్కో సిలిండరుకు ఐదారు దెబ్బలు (పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కిన సార్లు) లెక్కపెట్టాను. టైమింగ్ బెల్టు వైపునుంచి వరసగా 128, 125, 66 పీఎస్ఐ వచ్చాయి.

ఆ అంకెలు చూడగానే గుండె జారింది. మంచి పెట్రోలు ఇంజిన్‌లో 150కి అటూ ఇటూ కనబడాలి. మొదటి రెండూ అలిసిపోయినట్టు, మూడోది పూర్తిగా పోయినట్టు చెబుతున్నాయి. మెకానిక్ గారి మాటే నిజమనిపించి, సాయంత్రం వరకు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను.

మే 13, మంగళవారం

రెండు రోజులుగా ఒకే సందేహం. మొదటి రెండు ప్లగ్గులు చూస్తే ఆరోగ్యంగా ఉన్నాయి, ఆయిల్ తగ్గడం లేదు, నీలంపొగ లేదు. రింగులు అరిగిన ఇంజిన్‌కు ఉండాల్సిన లక్షణాలు ఇవి కావు. ఇంజిన్‌ను అనుమానించినంతగా గేజ్‌ను ఎందుకు అనుమానించలేదని రాత్రి దాన్ని టేబుల్ లైటు కింద పెట్టి విప్పాను.

గొట్టం చివర, మర లోపల ఒక బుల్లి వాల్వు ఉంటుంది. గాలిని లోపలికి రానిచ్చి వెనక్కి పోనివ్వనిది అదే, ముల్లు పైనే నిలిచి ఉండేది దానివల్లే. చూడటానికి అచ్చం టైరు వాల్వు పిన్నులా ఉంటుంది గానీ దాని స్ప్రింగు చాలా మెత్తగా ఉండాలి. అగ్గిపుల్ల కొనతో నొక్కి చూశాను. పుల్ల విరిగింది గానీ పిన్ను దిగలేదు. బండి స్టెప్నీ టైరు పిన్నును తీసి పక్కన పెడితే రెండూ ఒక్కటే. ఎప్పుడో ఎవరో పాత పిన్ను పాడైతే టైరు పిన్నునే బిగించి వదిలేశారన్నమాట. సిలిండరులోని గాలి ప్రతిసారీ ఆ గట్టి స్ప్రింగును తోసుకొని గొట్టంలోకి రావాలి. తోయడానికి ఎంత ఒత్తిడి ఖర్చయిందో అంత మేరకు ముల్లు తక్కువ చూపిస్తుంది.

ఇది తెలియక ముప్ఫై వేలు పోసి ఇంజిన్ దింపించినవాళ్లు ఎందరో ఉంటారేమోనని తలుచుకుంటే బాధగా ఉంది. గేజ్‌కు తగిన మెత్తటి పిన్నులు రెండు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నాను.

మే 17, శనివారం

పిన్నులు నిన్న వచ్చాయి. అగ్గిపుల్లతో తాకితేనే దిగిపోతున్నాయి. బ్యాటరీని రాత్రంతా చార్జింగ్‌లో పెట్టాను, ఎందుకంటే మూడో సిలిండరుకు వచ్చేసరికి సెల్ఫ్ నెమ్మదిస్తే ఆ తేడా కూడా కొలతలో కలిసిపోతుంది. జాగ్రత్తలన్నీ మళ్లీ మొదటినుంచీ చేశాము.

ఈసారి చివరి అంకె ఒక్కటే కాకుండా ఒక్కో దెబ్బకు ముల్లు ఎక్కడ ఆగుతోందో ఫోన్‌లో వీడియో తీసి, తరవాత నిదానంగా చూసి రాసుకున్నాను. మొదటి సిలిండరు మొదటి దెబ్బకే 95 దాటి, 132, 149, 156 మీదుగా 158 దగ్గర నిలిచింది. రెండోది దాదాపు అదే దారిలో 154కు చేరింది. మూడోది 58తో మొదలై 80, 91 మీదుగా 96 దగ్గర ఆగిపోయి, ఇంకో నాలుగు దెబ్బలు కొట్టినా కదలలేదు.

ముల్లు నడకలోనే సగం జవాబు ఉంది. రింగులు అరిగితే మొదటి దెబ్బ తక్కువగా ఉన్నా ఆ తరవాత మెట్లు ఎక్కినట్టు పెరుగుతూ పోతుంది. వాల్వు సరిగా కూర్చోకపోతే మొదటా తక్కువే, చివరా తక్కువే. అన్నిటికన్నా తక్కువ సిలిండరు, అన్నిటికన్నా ఎక్కువ సిలిండరులో కనీసం 75 శాతం ఉండాలన్నది గ్యారేజీల్లో వాడే సాధారణ కొలమానం. 158లో 75 శాతమంటే 118కి పైన. మూడోది 96 దగ్గరే ఉంది, అంటే 61 శాతం. పక్కపక్కనే ఉన్న రెండో, మూడో సిలిండర్లు రెండూ పడిపోయి ఉంటే హెడ్ ప్యాకింగ్‌ను అనుమానించాల్సి వచ్చేది. రెండోది నిక్షేపంగా ఉంది కాబట్టి ఆ భయం చాలావరకు తీరింది.

అంకెలను పోల్చుకునేవారి కోసం ఒక మాట. మా గోదావరి జిల్లాల ఊళ్లు సముద్రమట్టానికి కొద్ది ఎత్తులోనే ఉన్నాయి. ఇదే ఇంజిన్‌ను ఐదువందల మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లో కొలిస్తే అక్కడి గాలి పలుచదనం వల్ల ఎనిమిది, పది పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది. కాబట్టి పక్క ఊరి బండి అంకెతో కాకుండా అదే ఇంజిన్‌లోని మిగతా సిలిండర్లతో పోల్చుకోవడమే న్యాయం.

తరవాత తడి పరీక్ష. ఆయిల్ క్యాన్ మూతితో ఒక్కో సిలిండరులో ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ మాత్రమే పోసి, నాలుగైదుసార్లు ఊరికే తిప్పి, మళ్లీ గేజ్ బిగించాను. పోసిన ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందులను కాసేపు మూసేస్తుంది. లీకు అక్కడే ఉంటే ముల్లు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎక్కువ పోస్తే ప్రమాదం: ఆయిల్ నలగదు, పిస్టన్ పైన ఉండే చోటే తక్కువ, అది నిండితే కనెక్టింగ్ రాడ్ వంగిపోగలదు. ప్లగ్గు రంధ్రం మీదికి ముఖం వంచకుండా, కళ్లద్దాలు పెట్టుకొనే ఈ పని చేశాను.

మొదటిది 158 నుంచి 168కి, రెండోది 154 నుంచి 165కి పెరిగాయి. మూడోది 96 నుంచి 101కి వచ్చి ఆగింది. ఆయిల్ పోసినా పెద్దగా పెరగలేదంటే గాలి కిందికి పోవడం లేదు. బోరు పోలేదు. ఆ మాట గట్టిగా అన్నప్పుడు నాన్నగారు వాలుకుర్చీలోంచి లేచి వచ్చి, నోట్‌బుక్ తీసుకొని అంకెలన్నీ మళ్లీ ఒకసారి చదువుకున్నారు.

సిలిండరులోకి కంప్రెసర్ గాలి పెట్టి, అది ఎక్కడినుంచి బయటికి వస్తోందో చెవి పెట్టి వినే పద్ధతి ఇంతకన్నా కచ్చితమైనది. నా దగ్గర కంప్రెసర్ లేదు. పైగా గాలి వదలగానే పిస్టన్ కిందికి తోసుకుపోయి, దాన్ని నడిపే ఇరుసు క్రాంక్ హఠాత్తుగా తిరుగుతుంది కాబట్టి అలవాటు లేనిదే దాని జోలికి పోదలచుకోలేదు.

మే 18, ఆదివారం

ఇక మిగిలిన అనుమానం వాల్వుల మీదే కాబట్టి, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద పొద్దున్నే టాపెట్ కవరు విప్పాను. మూడు సిలిండర్లకూ కలిపి ఆరు వాల్వులు, వాటిని నొక్కే ఆరు రాకర్లు, ఒక్కోదానికి వాల్వుతో ఉండే సందును (టాపెట్ గ్యాప్) సరిచేసే స్క్రూ, దాని మీద లాక్ నట్టు. ప్లగ్గులు తీసి ఉంచి, కాయిల్ వైరు పీకి ఉంచి, నాలుగో గేరు వేసి తమ్ముడు బండిని అంగుళం అంగుళం నెడితే క్రాంక్ మనకు కావలసినంత నెమ్మదిగా తిరుగుతుంది. మూడో పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చిన చోటు తెలుసుకోవాలి. మామూలుగా అయితే రెండు రాకర్లూ వదులుగా ఊగడమే గుర్తు. ఇక్కడ కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు రాకరు ఎక్కడ ఆపినా వదులు కావడం లేదు, అదే అసలు సమస్యకు మొదటి సాక్ష్యం. చివరికి ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు ఆనించి, లోపలి గాలి వేలిని తోస్తున్న చోటు పట్టుకొని, ఆ తోపు ఆగినచోట బండిని నిలిపాము.

సందులు కొలిచే బ్లేడ్ల కట్ట, ఫీలర్ గేజ్‌లో నా దగ్గరున్న అన్నిటికన్నా పలుచటి బ్లేడు 0.05 మిల్లీమీటర్లది. మూడో ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర అది కూడా దూరలేదు. మిగతా ఐదింటిలో 0.15 బ్లేడు కాస్త వదులుగానో కాస్త బిగువుగానో వెళ్లింది.

ఎగ్జాస్ట్ వాల్వు మంటలో ఉండే భాగం, వేడెక్కితే పొడుగవుతుంది. ఆ పెరుగుదలకు చోటుండాలనే చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ పెడతారు. చోటు లేకపోతే వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోలేదు, రాకరు దాన్ని వెంట్రుకవాసి ఎత్తిపట్టి ఉంచుతుంది. అప్పుడు కంప్రెషన్ గాలి ఆ సందులోంచి పోతుంది. అంతకన్నా చెడ్డ సంగతి, వాల్వు తన వేడిని హెడ్‌కు అప్పగించేది సీటును తాకినప్పుడే కాబట్టి, తాకని వాల్వు చల్లబడే దారి లేక అంచు కాలిపోతుంది.

గ్యాప్ ఎలా పోయిందన్నదానికి నాకు తోచిన కారణం ఎల్‌పీజీ. తొమ్మిదేళ్లుగా బండి ఎక్కువగా గ్యాస్ మీదే నడిచింది. పొడి ఇంధనంతో వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. సీటు అరిగేకొద్దీ వాల్వు హెడ్‌లోకి పైకి జరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది. టాపెట్ శబ్దం వినిపిస్తే అందరం కంగారుపడి సర్దిస్తాము. గ్యాప్ మూసుకుపోయిన ఇంజిన్ మాత్రం ఏ శబ్దమూ చేయదు కాబట్టి బాగుందనుకొని ఏళ్ల తరబడి కవరు విప్పము. మా బండి విషయంలో జరిగింది అదే. గ్యాస్ మీద నడిచే బండికి టాపెట్లు సర్దడం ఇంకా తరచుగా జరగాలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ వెనక్కి తిప్పి, 0.15 బ్లేడు పెట్టి బిగించాను. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తనతో తిరుగుతుంది కాబట్టి ఒక చేత్తో స్క్రూడ్రైవర్‌ను కదలకుండా పట్టుకోవాలి. మొదటి రెండుసార్లు తప్పింది, మూడోసారి కుదిరింది. చిన్నప్పుడు పుస్తకం పేజీల మధ్య దాచుకున్న నెమలీకను లాగితే చేతికి ఎంత మెత్తని పట్టు తెలిసేదో, బ్లేడు లాగినప్పుడు అంతే తెలియాలి. మిగతావాటిని కూడా అదే పట్టుకు తెచ్చి, కవరుకు కొత్త ప్యాకింగ్ వేసి మూశాను.

 ప్లగ్గులను ముందు చేత్తోనే మర పట్టించి, ఆ తరవాతే పానాతో బిగించాను. స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ దట్టంగా వచ్చి, నాలుగైదు నిమిషాలకు తేలిపోయింది. అది నిన్న పోసిన ఆయిల్ కాలడం, అందులో భయం లేదు. కారు వణుకు సగానికి సగం తగ్గింది. వేడెక్కాక మళ్లీ ఇరవై నిమిషాలు ఆగి కొలిస్తే మూడో సిలిండరు 121 చూపించింది.

మే 25, ఆదివారం

వారమంతా పెట్రోలు మీదే 140 కిలోమీటర్లు తిరిగాము. ఈ రోజు కొలతలు 159, 155, 138. వాల్వు అంచున పేరుకున్న మసి సీటుతో రాసుకొని కాస్త శుభ్రపడి ఉంటుందని అనుకుంటున్నాను. 138 అంటే 87 శాతం. మూడో ప్లగ్గు కూడా ఇప్పుడు పొడిగా, మిగతావాటి రంగుకు దగ్గరగా ఉంది. అరువు గేజ్‌ను మెత్తటి పిన్నుతోనే తిరిగి ఇచ్చి, విడిగా తెప్పించుకున్న రెండో పిన్నును కూడా డబ్బాలో పెట్టి, పాత పిన్ను సంగతి గ్యారేజీ ఆయనకు చూపించి చెప్పాను. ఆయన వెంటనే దాన్ని పారేశారు. నాకంటూ ఒక గేజ్ కొనుక్కున్నాను.

జూన్ 8, ఆదివారం

కొత్త గేజ్‌తో 158, 155, 137. ఒత్తిడి నిలిచే ఉంది. అయితే చల్లని ఇంజిన్ మీద మూడో ఎగ్జాస్ట్ గ్యాప్ చూస్తే 0.15 బ్లేడు వెళ్లలేదు, 0.13 వెళ్లింది. మూడు వారాల్లో అంత తగ్గిందంటే ఆ సీటు అరగడం ఇంకా ఆగలేదన్నమాట. గ్యాప్ మళ్లీ 0.15కు తెచ్చాను.

సాయంత్రం మెకానిక్ గారికి నోట్‌బుక్ చూపించాను. అంకెలన్నీ ఓపికగా చదివి, "అయితే బోరు ముట్టుకోవద్దండి. హెడ్ ఒక్కటీ విప్పి, మూడో ఎగ్జాస్ట్ వాల్వూ సీటూ చూసి కొత్తది వేద్దాం" అన్నారు. వానలు తగ్గాక ఆ పని ఆయన చేతే చేయించాలని నిర్ణయించాము. అప్పటిదాకా ఎల్‌పీజీ స్విచ్ వాడము, ప్రతి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి మూడో టాపెట్ గ్యాప్ కొలుస్తాను. ఈ రోజు మీటరు రీడింగు, మూడు సిలిండర్ల అంకెలు, గ్యాప్ ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, గ్లవ్ బాక్స్‌లో ఆర్‌సీ పక్కన ఉంచాను.